నన్ను అడగని మొక్కుబడి

రామవరం, కొత్తగూడెం
జూన్ 24

స్తుతి నాన్నకు,

వందనాలు. మీరు బాగున్నారని స్తుతి చెబుతూనే ఉంది కాబట్టి ఎలా ఉన్నారని అడగడం లేదు. ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని మీకు అనిపించవచ్చు. ప్రతి ఆదివారం మన పిల్ల మీతో ఫోన్లో మాట్లాడుతున్నంతసేపూ నేను వంటింట్లో గిన్నెలు చప్పుడయ్యేలా తోముతాను. మీ గొంతు వినపడితే నా కోపం నిలవదు. మీరు ఇల్లు విడిచి వెళ్లిన ఈ మూడేళ్లూ దాన్ని చాలా కష్టపడి నిలబెట్టుకున్నాను. అందుకే కాగితం.

సంగతి ఏమిటంటే, పద్నాలుగేళ్లు నిండిన ఆడపిల్లలకు స్కూల్లో టీకా వేస్తున్నారు. పెద్దయ్యాక గర్భసంచి ముఖానికి క్యాన్సర్ రాకుండా. ఆ క్యాన్సర్ ఒక వైరస్ వల్ల వస్తుందట, ఆ వైరస్ ఆడామగా కలిసినప్పుడు అంటుకుంటుందట. మొన్న ఆరాధన అయ్యాక ఒక నర్సమ్మ మన చర్చికి వచ్చి, స్త్రీల సమాజంలో ఈ మాటలన్నీ నెమ్మదిగా చెప్పింది. ఆమె కూర్చుందో లేదో మన అధ్యక్షురాలు సువార్తమ్మ లేచింది.

"మా పిల్లలు గసొంటోళ్లు కాదమ్మా. పరిశుద్ధంగ పెంచుకుంటున్నం. గీ సూది ఇప్పిస్తే, తప్పు చెయ్యమని మనమే తలుపు తీసినట్టు గాదా?"

అందరూ తలలూపారు. కార్యదర్శిని కదా, నేనూ ఏదో ఒకటి అనాలి. "అక్కా, నేను గూడ పరిశుద్ధంగనే పెరిగిన. పెండ్లయినంక నాకేం అంటుకోవాల్నో నా చేతుల ఉన్నదా?" అన్నాను.

సువార్తమ్మ కూర్చుండిపోయింది. మన సంగతి తెలియనివాళ్లు ఆ గదిలో లేరు. మీరు లేని చోట మిమ్మల్ని పొడిచినందుకు ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ మాట అన్నందుకు మాత్రం ఏమీ అనుకోవడం లేదు.

ఫారం దీంతో పెడుతున్నాను. ఒక్క సంతకం చాలునని టీచర్ చెప్పింది. తండ్రి అన్న గీత మీద ఖాళీ వదిలి పంపడం నాకు ఇష్టం లేదు. తండ్రి ఉన్నాడు కదా.

సంపూర్ణ


ములకలపల్లి దగ్గర
జూలై 2

సంపూర్ణకు,

ఫారం మీద సంతకం చేసి పంపుతున్నాను. చెయ్యడానికి మూడు రోజులు పట్టింది, పెన్ను దొరకక కాదు. నా బిడ్డను నాలాంటి మగవాడి నుంచి కాపాడే మందు అది. దానికి నేనే సంతకం పెట్టాలి. నువ్వు సువార్తమ్మతో అన్నది నన్ను పొడవడం కాదు, ఉన్న మాటే.

ఇక్కడ జామాయిల్ తోటలో ట్రాక్టర్ తోలుతున్నాను. సీతయ్య ఇంటి వెనక గది కిరాయికి తీసుకున్నాను. కోయవాళ్లు, మంచివాళ్లు. సీతయ్య తల్లి ముత్తక్కకు నా మీద ఎప్పుడూ ఒక కన్ను. నిన్న పొయ్యి దగ్గర నిలబడి అడిగింది.

"ఇన్నొద్దుల సంది ఒక్కనివే బువ్వ వండుకుంటవు. నీ ఆడమనిషి అలిగిందా, నువ్వు అలిగినవా?"

"తప్పు నేనే చేసిన ముత్తక్కా."

"తప్పు చేస్తే ఇంటికి పోయి తిట్లు తినాలె గానీ, అడవిల వచ్చి కూసుంటరా?"

ఆమెకు ఏం చెప్పను? రాయపూర్ లైన్లో లారీ తోలిన రోజుల్లో భార్యాబిడ్డలున్నవాడు వెళ్లకూడని చోటికి వెళ్లానని చెప్పనా? దగ్గు తగ్గక దవాఖానాకు పోతే హెచ్ఐవి అన్నారని, నిన్నూ స్తుతినీ పరీక్ష చేసి ఇద్దరికీ లేదని చెప్పిన రోజు దవాఖానా మెట్ల మీద కూలబడ్డానని చెప్పనా? ఆ తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి, సంఘం అందరి ముందు తప్పు ఒప్పుకుని, బతికున్నంత కాలం నా భార్యకు ఈ చెయ్యి తగలనివ్వనని దేవునికి మొక్కుబడి చేశాను. ఆ మధ్యాహ్నమే బట్టలు సర్దుకున్నాను. నువ్వు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నావు.

మాత్ర రోజూ వేసుకుంటున్నాను. ఒంట్లో బాగానే ఉంది. నిజం చెప్పాలంటే అదే నాకు కష్టంగా ఉంది. వెనకటికి ఈ జబ్బు వచ్చినవాళ్లు ఎముకల గూళ్లయి పోయేవాళ్లు. నేను రోజంతా ట్రాక్టర్ తోలి, రెండు పూటలా తిని నిద్రపోతున్నాను. తప్పు చేసినవాడికి ఏమీ కాకపోతే ఇక పశ్చాత్తాపం ఎక్కడ పెట్టుకోవాలి? నిన్ను చూడకుండా ఉండడం ఒక్కటే నాకు మిగిలిన శిక్ష. దాన్ని సరిగ్గా అనుభవించనియ్యి.

స్తుతికి టీకా వేసిన రోజు చెయ్యి నొప్పి పెడితే కొబ్బరినూనె రాయి.

జయరాజ్


రామవరం, కొత్తగూడెం
జూలై 16

స్తుతి నాన్నకు,

టీకా వేశారు. సాయంత్రం దాకా చెయ్యి పట్టుకుని తిరిగి, హోంవర్క్ ఎగ్గొట్టడానికి దాన్ని బాగా వాడుకుంది. మన చర్చి పిల్లల్లో నలుగురు వేయించుకున్నారు. మొదట స్తుతి వెళ్లింది, దాని వెనక మిగతా ముగ్గురు.

మీ ఉత్తరం కుట్టుమిషను దగ్గరే పెట్టుకుని వారం రోజులు చదివాను. స్కూలు యూనిఫాంల సీజను కదా, చదువుతూ చదువుతూ ఒక చొక్కాకు రెండు చేతులూ ఒకే వైపువి కుట్టాను. విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది.

శిక్ష సరిగ్గా అనుభవించనియ్యమన్నారు. మీ శిక్ష మీరు వేసుకున్నారు. అందులో సగం వచ్చి నా మీద పడిందని మూడేళ్లలో ఒక్కసారైనా తోచిందా? నేను ఏ తప్పూ చెయ్యలేదు. మీరు దుప్పటి ఎటు లాక్కుంటారో తెలిసిన మనిషిని, ఇప్పుడు మంచానికి ఒక పక్కనే పడుకుంటున్నాను, రెండో పక్కకు జరగడం చేతకాక.

మీకు చెప్పని మాట ఒకటి ఉంది. పోయిన ఈస్టర్ తర్వాతి సోమవారం స్తుతిని మా అక్క దగ్గర వదిలి ములకలపల్లి దాకా వచ్చాను. అక్కడి నుంచి షేర్ ఆటో ఎక్కాను. తోట మలుపులో మీరు ట్రాక్టర్ ఆపుకుని, టైరు దగ్గర వంగి ఏదో చూస్తున్నారు. చొక్కా వీపు మీద చినిగి ఉంది. "దిగుతవా అక్కా?" అని ఆటో అతను అడిగితే "ఇక్కడ కాదు" అన్నాను. ఆటో ముందుకు పోయింది. తిరుగు ఆటోలో వచ్చేటప్పటికి మీరు లేరు. వీపు మీద చొక్కా ఎలా చిరుగుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇంకొకటి అడగాలి. మొన్న నా ఏడాది పరీక్షకు దవాఖానాకు వెళ్లాను. దేవుని దయవల్ల ఈసారి కూడా ఏమీ లేదు. అక్కడ కౌన్సెలర్ శోభారాణి గారి గదిలో గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. మందు మానకుండా వేసుకుని, రక్తంలో వైరస్ కనపడనంతగా తగ్గి, అలాగే నిలబడితే, కాపురం చేసినా భార్యకు అంటుకోదని. నిజమేనా అని అడిగాను.

"నిజమే. చాలా దేశాల్లో వేల జంటలను ఏళ్ల తరబడి చూసి చెప్పిన మాట అది."

"మరి మా ఆయనకు?"

"ఆయన సంగతి నేను చెప్పొద్దమ్మా. ఆయననే అడుగు."

అడుగుతున్నాను.

సంపూర్ణ


ములకలపల్లి దగ్గర
ఆగస్టు 3

సంపూర్ణా,

ఈస్టర్ సోమవారం గురించి చదివిన తర్వాత రెండు రోజులు పనికి పోలేదు. సీతయ్య జ్వరమా అని అడిగాడు. అవునన్నాను. ఆ మలుపులో రోజుకు నాలుగుసార్లు తిరుగుతాను. ఇప్పుడు అక్కడికి రాగానే ట్రాక్టర్ దానంతట అదే నెమ్మదిస్తోంది. చొక్కా జామాయిల్ కొమ్మ తగిలి చినిగింది, అంతే.

నువ్వు అడిగినదానికి జవాబు. కనపడడం లేదు. మొదటి ఏడాది చివరికే రిపోర్టులో వైరస్ కనపడలేదని వచ్చింది. ఆ తర్వాత కూడా రెండుసార్లు అలాగే వచ్చింది. మూడు కాగితాలూ పెట్టె అడుగున ఉన్నాయి. వెళ్లినప్పుడల్లా శోభారాణి గారు "మీ ఆమెకు చెప్పినవా?" అని అడుగుతారు. "చెప్తా మేడం" అంటాను.

ఎందుకు దాచానంటే భయపడ్డాను. చెబితే నువ్వు రమ్మంటావేమోనని భయం. రమ్మనవేమోనని అంతకన్నా భయం. చెప్పకపోతే ఈ రెండూ ఉండవు.

మళ్లీ ఒక్కసారి ఆలోచించు. మాత్ర జబ్బును ఆపింది, మంచిదే. నేను దేవుని ఎదుట అన్న మాటను ఆ మాత్ర ఆపలేదు కదా. జబ్బు నీకు అంటుకుంటుందని మాత్రమే నేను మొక్కుబడి చెయ్యలేదు. నీకు ద్రోహం చేసిన చెయ్యి అని చేశాను. ఆ చెయ్యి ఇంకా నాదే.

ముత్తక్క నీళ్ల గ్లాసు అందిస్తుంటే కింద పెట్టమంటాను. చెయ్యి తగిలితే ఆమెకు ఏమీ కాదని నాకు తెలుసు. మూడేళ్లుగా ఎవరి చెయ్యీ తగలకుండా బతికాను, నీది కాని చెయ్యి తగిలి ఆ లెక్క పోవడం నాకు ఇష్టం లేదు.

జయరాజ్


రామవరం, కొత్తగూడెం
ఆగస్టు 14

జయరాజ్ గారూ,

కోపంలో ఉన్నాను కాబట్టి పేరు పెట్టి రాస్తున్నాను.

మూడు రిపోర్టులు. పెట్టె అడుగున. ఆ రెండేళ్లూ నేను వారం వారం ఉపవాసం ఉండి, దేవా ఆ మనిషిని చావనియ్యకు అని ఏడుస్తూ అడుగుతున్నాను. దేవుడు ఎప్పుడో ఇచ్చేశాడు, మీరు పెట్టెలో పెట్టి తాళం వేశారు.

మన పెళ్లినాడు పాస్టరు అయ్యగారు చదివి వినిపించిన వాక్యం మీకు గుర్తుందో లేదో. భర్త దేహం మీద అధికారం భర్తది కాదు, భార్యది. భార్య దేహం మీద భర్తది. ఇద్దరూ ఒప్పుకుని, అదీ ప్రార్థన కోసం కొన్నాళ్లు తప్ప, ఒకరికి ఒకరు దూరం కాకూడదని కూడా అక్కడే ఉంది. ఇంట్లో పాత బిందె మార్చాలన్నా నన్ను అడిగేవారు. నన్ను ఒక్క మాట అడగకుండా నాదైన మనిషిని తీసుకెళ్లి దేవునికి ఎలా ఇచ్చేశారు? అడగని మొక్కుబడికి నేను ఎందుకు కట్టుబడాలి?

శిక్ష తప్పిపోయిందని మీ బాధ. మనకు రావలసింది మన మీదికి రాకుండా ఇంకొకరు మోశారని నమ్మే కదా ఆదివారం ఆదివారం చర్చికి వెళ్తున్నాం. సిలువను అంత తేలిగ్గా నమ్మిన మనిషికి ఒక చిన్న మాత్రను నమ్మడం ఇంత కష్టమా?

మిమ్మల్ని క్షమించానని అనుకోకండి. ఆ లారీ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ చేతిలో ఉన్న కుట్టు పక్కన పడేస్తాను. క్షమించడం ఒక్క రోజులో అయిపోయే పని కాదని నాకు తెలిసింది, రోజూ చెయ్యాలి. దానికి మనిషి ఎదురుగా ఉండాలి. ములకలపల్లిలో ఉన్న మనిషిని కొత్తగూడెంలో కూర్చుని ఎలా క్షమించను?

నిన్న జస్టిన్ అయ్యగారి దగ్గరికి వెళ్లాను. అంతా విని, కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు.

"మందు దేవుడిచ్చిందేనమ్మా, నాకు అనుమానం లేదు. రోగానికి మందున్నది. మాటకు మందేది?" అన్నారు. నేను లేవబోతుంటే మళ్లీ అన్నారు, "ఆ రోజు జయరాజును నేను ఆపాల్సింది. అందరు ఏడుస్తుంటే నాకు గూడ మంచిగ అనిపించింది. గది నా తప్పు."

సెప్టెంబరు మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంది. రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ముందు సాక్ష్యాలు అడుగుతారు. మీరు ఎక్కడ నిలబడి ఆ మాట అన్నారో నేను అక్కడే నిలబడతాను.

సంపూర్ణ


ములకలపల్లి దగ్గర
ఆగస్టు 21

సంపూర్ణా,

వద్దు. దండం పెడతాను. నా పేరు మళ్లీ ఆ చోట ఎత్తకు. నన్నంటే పడతాను. కార్యదర్శి పదవి నుంచి నిన్ను తీసేస్తారు. భర్త కోసం వాక్యాన్ని తిప్పుతోందంటారు. స్తుతిని స్కూల్లో పిల్లలు ఏమంటారో ఆలోచించు.

నువ్వు లేక నేను బాగా ఉన్నానని అనుకోకు. ఇక్కడ వాన పడితే పనుండదు. గడప మీద కూర్చుని, నువ్వు ఈ వేళకు ఏం చేస్తుంటావా అని లెక్క వేస్తాను. బొత్తాలు కుడుతుంటావు, దారం పంటితో కొరుకుతావు, పళ్లు పాడవుతాయని నేను అంటే వినవు. రోజంతా ఇదే పని. అయినా వద్దు.

జయరాజ్


రామవరం, కొత్తగూడెం
సెప్టెంబరు 7

మీకు,

లేచాను. మీరు ఆ రోజు నిలబడిన చోటే నిలబడ్డాను.

"ఇది సాక్ష్యం కాదయ్యగారూ, నాదొక ఫిర్యాదున్నది. మూడేండ్ల కింద మా ఆయన గీడనే నిలబడి మొక్కుబడి చేసిండు. నేను మూడో బెంచీల కూసోని ఉన్న. నన్ను ఎవ్వరు అడగలే. ఇప్పుడు చెప్తున్న. ఆయన దేహం మీద అధికారం నాది. ఆ మొక్కుకు నా ఒప్పుదల లేదు." రిపోర్టుల సంగతి, శోభారాణి గారు చెప్పిన సంగతి కూడా చెప్పాను.

సువార్తమ్మ లేచింది. "ఒకనాడు మాత్ర మరిచిపోతే?"

"మరువనియ్యనక్కా. రోజు నా కండ్ల ముంగట వేసుకోవాలె. ఏడాదికోసారి రిపోర్టు నేను సూడాలె. రక్తంల మళ్ల కనబడ్డదంటే దూరం పెట్టుడు నాకు తెల్వదా?"

వెనక మగవాళ్ల వైపు నుంచి ఎవరో అన్నారు. "మందులతోనే అంతా సాఫ్ అయితే, తప్పు చేసేటోనికి ఇంక భయమెక్కడిది?"

అదే మీ ప్రశ్న కూడా కదా. అయ్యగారు మైకు పక్కకు జరిపి మామూలు గొంతుతో అన్నారు. "భయంతోని మంచిగున్నోళ్లను ముప్పై ఏండ్ల సంది చూస్తున్న. ఎవ్వరు చూడనప్పుడు వాళ్లు మంచిగుండరు. జయరాజు భయంతోని పోలే, సిగ్గుతోని పోయిండు. సిగ్గున్నోన్ని ఇంటికి రానియ్యాలె."

కానీ ఆయన సరేనని వెంటనే అనలేదు. అలా అంటే మన అయ్యగారు ఎందుకవుతారు? "పెండ్లికి మూడు ఆదివారాలు ప్రకటన చదువుతం గదా. దీనికి గూడ చదువుతా. అడ్డం చెప్పేటోళ్లు గీడ నా ముంగట చెప్పాలె, బజార్ల కాదు" అన్నారు.

పదహారేళ్ల కాపురం తర్వాత నాకు పెళ్లి ప్రకటన. స్తుతి ఇంటికి వచ్చి మంచం మీద పడి నవ్వింది, కాసేపటికి అదే ఏడ్చింది. పదవి గురించి బెంగ పెట్టుకోకండి, ఆ పుస్తకం నేనే సువార్తమ్మకు ఇచ్చి వచ్చాను. ఆమె తీసుకుని, తెల్లారేసరికి తిరిగి పంపింది అనుకుంటున్నారా? పంపలేదు. తన దగ్గరే ఉంచుకుంది. ఉంచుకోనివ్వండి.

ఇంకా మూడు ఆదివారాలు. మూడేళ్లు ఉన్నదాన్ని, ఈ మూడు వారాలు ఎలా ఉండాలో తెలియడం లేదు. వాయిలు చీర ఒకటి తీశాను, మళ్లీ పెట్టాను, మళ్లీ తీశాను.

రానని రాస్తే ఇక ఉత్తరాలు వద్దు.

సంపూర్ణ


ములకలపల్లి దగ్గర
సెప్టెంబరు 28

నా సంపూర్ణకు,

రానని రాయలేదు. వస్తానని రాయడానికి కూడా చెయ్యి ఆడలేదు. మొదటి ఆదివారం ఎవరూ అడ్డం చెప్పలేదని స్తుతి ఫోన్లో చెప్పింది. రెండో ఆదివారం ఎవరో లేచి, కూర్చున్నారని చెప్పింది. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. నిన్న మూడోది. ఫోన్ చేతిలో పట్టుకుని, సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి కూర్చున్నాను. "నాయనా, అయిపోయింది. అయ్యగారు ఆమెన్ అన్నరు" అంది. ఇంకేం చెప్పిందో నాకు వినపడలేదు.

ముత్తక్కకు చెప్పాను. "ఇంటికి పోతున్న" అంటే, "పోయి తిట్లు తిను" అంది. నీళ్ల గ్లాసు ఇచ్చింది. చేతికే తీసుకున్నాను.

రేపు సీతయ్య కొత్తగూడెం పని మీద వస్తున్నాడు, ఈ ఉత్తరం అతను తెచ్చి ఇస్తాడు. ఏమైనా చెప్పాలంటే అతనికే రాసి ఇవ్వు. బుధవారం పొద్దున బస్సుకు బయలుదేరతాను, పదకొండుకల్లా అక్కడ ఉంటాను. రిపోర్టులు మూడూ తెస్తున్నాను. కోప్పడు, ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు కోప్పడు, నేను ఎదురుగానే ఉంటాను.

ఒక్కటి మాత్రం బతిమాలుతున్నాను. బస్టాండుకు రావద్దు. నేనే ఇంటికి నడుచుకుంటూ వస్తాను. నిన్ను చూస్తే, అంతమందిలో నీ చెయ్యి పట్టుకోకుండా ఉండడం నా వల్ల కాదు.

జయరాజ్


రామవరం, కొత్తగూడెం
సెప్టెంబరు 29

జయరాజ్,

సీతయ్య టీ తాగుతున్నాడు, అందుకే తొందరగా రాస్తున్నాను. బుధవారం పదిన్నరకే బస్టాండులో ఉంటాను. ములకలపల్లి బస్సు ఆగే చోటే, జనం అందరూ నిలబడే దగ్గరే.

సంపూర్ణ